రోజూ రాసే నలభై పనుల చీటీ అక్కరకు ఎందుకు రావడం లేదు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఒక చిన్న సంస్థలో లెక్కలు చూస్తారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, రోజూ మందులు వాడే అత్తగారు ఉన్నారు. ప్రతి ఉదయం నోటుబుక్కులో ముప్పై నలభై పనులు రాసుకుంటారు, సాయంత్రానికి సగం మిగిలిపోతాయి, వాటినే మర్నాడు మళ్లీ రాస్తారు. ఇంత రాసుకున్నా పోయిన నెల 7వ తేదీలోగా కట్టవలసిన టీడీఎస్ (ఇతరులకు చేసే చెల్లింపుల్లోంచి ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఒక రోజు ఆలస్యమై వడ్డీ పడింది, అత్తగారి బీపీ మాత్రలు అయిపోయాయన్న సంగతి రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడింది, ఊరికి బయలుదేరి సగం దారిలో గ్యాసు కట్టేశానా లేదా అన్న అనుమానంతో వెనక్కి వచ్చారు. చెక్‌లిస్టులు మీ స్వభావానికి సరిపడవేమో అని అడిగారు.

నేను 31 సంవత్సరాలు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అందులో 19 ఏళ్లు ఆపరేషన్ థియేటర్‌లో గడిచాయి. చివరి 9 ఏళ్లు థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌గా ఉన్నాను. చెక్‌లిస్టు చదవకుండా సర్జన్ చేతికి కత్తి అందించని చోట పనిచేసినదాన్ని కనుక, మీరు రాసినది చదవగానే తోచిన మాట ముందే చెబుతాను. మీ నోటుబుక్కులో ఉన్నది పనుల జాబితా. దానికి దాని ప్రయోజనం ఉంది. అయితే టీడీఎస్ ఆలస్యం, మాత్రలు అయిపోవడం, గ్యాసు అనుమానం, ఈ మూడూ పనుల జాబితా ఆపగలిగిన పొరపాట్లు కావు. వాటిని ఆపగలిగేది చెక్‌లిస్టు, అది మీ దగ్గర ఇంకా లేదు. కాబట్టి లోపం మీ స్వభావంలో ఉందని దయచేసి అనుకోకండి.

పనుల జాబితా రోజూ మారుతుంది. పని అయిపోగానే గీత కొట్టేస్తాము. చెక్‌లిస్టు మారదు. మనకు బాగా తెలిసిన, వందసార్లు చేసిన పనిలో, ఏవి జారిపోతాయో అనుభవంమీద తెలుసుకుని, ఆ నాలుగైదింటిని మాత్రమే ఒక నిర్ణీత సమయంలో ఆగి సరిచూసుకోవడానికి రాసుకునేది చెక్‌లిస్టు. మన పెళ్లిళ్లలో పురోహితుడు గారు ఇచ్చే సామగ్రి చీటీని గుర్తు తెచ్చుకోండి. బాసికాలు, అడ్డుతెర, జీలకర్ర, బెల్లం, మెట్టెలు, తలంబ్రాల బియ్యం అంటూ సాగే ఆ చీటీ ఇంటింటికీ పెద్దగా మారదు. ముహూర్తానికి ముందురోజు రాత్రి ఇంటి పెద్దావిడ పక్కన ఒక పిల్లను కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల పైకి చదువుతుంటే తాను ఒక్కొక్క వస్తువునూ తాకి చూసి పళ్లెంలో పెడుతుంది. చదివేవారు ఒకరు, తాకి చూసేవారు ఒకరు, సమయం నిర్ణయమైనది, చీటీ పాతది. మంచి చెక్‌లిస్టుకు కావలసిన లక్షణాలన్నీ ఆ పళ్లెం దగ్గరే ఉన్నాయి. అదే ఇంట్లో పెళ్లిపనుల జాబితా వేరే ఉంటుంది. శుభలేఖలు పంచాలి, వంటవాళ్లకు బయానా ఇవ్వాలి వంటివి అందులో ఉంటాయి. ఆ రెండింటినీ ఎవరూ కలిపి రాయరు.

విమానయానంలో ఈ పద్ధతి ఎలా వచ్చిందో తెలిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేటన్ నగరం దగ్గరి రైట్ ఫీల్డ్‌లో, సైన్యానికి చూపించడానికి తెచ్చిన బోయింగ్ మోడల్ 299 అనే నాలుగు ఇంజన్ల విమానం పైకి లేచిన కొద్ది క్షణాలకే నిటారుగా ఎగిసి, పట్టు తప్పి నేలకూలి మంటల్లో చిక్కుకుంది. నడిపిన మేజర్ ప్లోయర్ హిల్, ఆయనతో ఉన్న బోయింగ్ సంస్థ పైలట్ లెస్లీ టవర్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. యంత్రంలో లోపమేమీ లేదు. నేలమీద నిలిపినప్పుడు గాలికి తోక భాగాలు ఊగకుండా వేసే బిగింపును ఎగిరే ముందు ఎవరూ విప్పలేదు. ఇద్దరూ ఆరితేరినవారే, కొత్తగా నేర్చుకుంటున్నవారు కారు. ఆ తరువాత పైలట్లు ఎగిరే ముందు, దిగే ముందు చదవడానికి చిన్న చెక్‌లిస్టులు తయారు చేసుకున్నారు. అదే విమానం బీ-17 అన్న పేరుతో తరువాతి కాలంలో 12,000కు పైగా తయారైంది. విమానం ఎలా నడపాలో ఆ చెక్‌లిస్టులో రాయలేదు, అది వారికి తెలుసు. బిగింపు విప్పారా అని మాత్రం అడిగింది.

కాబట్టి మీరు మొదట ఆలోచించవలసినది ఏ పనులు చేయాలి అని కాదు, తెలిసిన పనిలో ఏవి జారిపోతున్నాయి అని. నా అనుభవంలో జారిపోయేవి మూడు రకాలు.

ఒకటి, అసలు పని అయిపోయిన తరువాత మిగిలే చిన్న పని. జిరాక్సు తీసుకున్నాక ఒరిజినల్ కాగితం మెషీన్‌లోనే ఉండిపోతుంది, ఎందుకంటే మనం వచ్చినది కాపీ కోసం, కాపీ చేతికి రాగానే మనసులో ఆ పని ముగిసిపోతుంది. ఏటీఎంలో డబ్బు తీసుకుని కార్డు మరిచిపోయేవారు చాలామంది ఉండేవారు. అందుకే చాలా యంత్రాలలో కార్డు తీసుకున్న తరువాతే డబ్బు బయటికి వచ్చే ఏర్పాటు చేశారు. వంట అయిపోయాక సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టడం, రిటర్ను దాఖలు చేశాక రసీదు భద్రపరచడం ఈ కోవలోవే. బద్ధకానికీ దీనికీ సంబంధం లేదు. మనిషి మనసు పనిచేసే తీరే అది.

రెండు, మధ్యలో ఆటంకం వచ్చిన పని. 1987 ఆగస్టు 16న అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక ప్రయాణికుల విమానం, పైకి లేవడానికి దించవలసిన రెక్కల వెనుక భాగాలను దించకుండానే పరుగు తీసి కూలిపోయింది. విమానంలో 154 మంది, నేలమీద ఇద్దరు చనిపోయారు, నాలుగేళ్ల పాప ఒక్కతే బతికింది. రన్‌వేకు వెళ్తూ చదవవలసిన చెక్‌లిస్టును పైలట్లు చదవలేదని విచారణలో తేలింది. ఆ కొద్ది నిమిషాల్లో వారికి రన్‌వే మారింది, మలుపు తప్పింది, కంట్రోల్ టవర్‌తో మాటలు నడిచాయి. మీ ఆఫీసులో చలానా సగం నింపాక యజమాని పిలిస్తే జరిగేది చిన్న స్థాయిలో ఇదే. మేము థియేటర్‌లో పాటించిన నియమం ఒకటుంది: లెక్క మధ్యలో ఎవరు పలకరించినా, ఆగిన చోటునుంచి కాకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. అది వృథా శ్రమలా కనిపిస్తుంది. 19 ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా వృథా అనిపించలేదు.

మూడు, చేయకపోయినా వెంటనే ఎవరూ అడగని పని. మాత్రల పట్టీలో ఇంకా ఎన్ని ఉన్నాయో చూడడం ఇటువంటిదే. అన్నం వండకపోతే పిల్లలు గంటలో అడుగుతారు; మాత్రలు తగ్గిపోతున్నాయని ఎవరూ అడగరు, అవి అయిపోయే రోజు వరకు.

ఇప్పుడు థియేటర్‌లో చెక్‌లిస్టు ఎలా నడుస్తుందో దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే ఇంట్లో మీరు చేయవలసినది దాదాపు ఇదే. పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లలో రక్తం అద్దడానికి వాడే పెద్ద గుడ్డలను మేము మాప్‌లు అంటాము. అవి అయిదు చొప్పున కట్టలుగా వస్తాయి. ఆపరేషన్ మొదలుకాకముందు స్క్రబ్ సిస్టర్, అంటే సర్జన్ పక్కన నిలబడి పరికరాలు అందించే నర్సు, కట్ట విప్పి ఒక్కొక్క మాప్‌నూ విడదీసి, పైకెత్తి చూపుతూ లెక్కపెడుతుంది. ఎదురుగా నిలబడిన ఫ్లోర్ సిస్టర్, అంటే థియేటర్‌లో మిగతా పనులు చూసే నర్సు, అదే అంకెను పైకి పలికి గోడమీది బోర్డుపై రాస్తుంది. పొట్ట మూసేముందు మళ్లీ లెక్క, చర్మం కుట్టేముందు మరోసారి లెక్క. ఒక రాత్రి రెండున్నర గంటల వేళ, పేగుకు చిల్లు పడిన రోగికి ఆపరేషన్ పూర్తికావస్తుండగా 20 మాప్‌లకు 19 మాత్రమే తేలాయి. సర్జన్ గారికి అది ఆ రాత్రి మూడవ ఆపరేషన్. మొదట్లోనే కట్టలో నాలుగే వచ్చి ఉంటాయని, కుట్లు వేసేద్దామని అన్నారు. ఫ్లోర్ సిస్టర్‌గా ఉన్న అమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కూడా కాలేదు. ఆమె బోర్డు వైపు చెయ్యి చూపించి, "సార్, నాలుగో కట్టలో అయిదూ సిస్టర్ విడదీసి చూపించారు, నేను పలికి రాశాను" అన్నది. మళ్లీ వెతికారు. కాలేయం కింద కుడిమూలన, రక్తంతో తడిసి చుట్టూ ఉన్న కండరం రంగులో కలిసిపోయి ఉన్నది ఆ మాప్. నాలుగు నెలల అనుభవం ఉన్న పిల్లకు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న సర్జన్ ఎదుట ఆ మాట అనే ధైర్యాన్ని ఆ బోర్డుమీది అంకె ఇచ్చింది. తన జ్ఞాపకాన్ని మాత్రమే నమ్ముకుని ఉంటే ఆమె నోరు మెదిపేది కాదు.

2008 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సల కోసం 19 అంశాల చెక్‌లిస్టును విడుదల చేసింది. దానిని రూపొందించిన బృందానికి అమెరికాలోని సర్జన్ అతుల్ గవాండే నాయకత్వం వహించారు. దానిని 8 నగరాలలోని ఆసుపత్రులలో పరీక్షించారు. వాటిలో న్యూఢిల్లీ ఒకటి. 2009 జనవరిలో వెలువడిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, తీవ్రమైన సమస్యలు నూటికి 11 నుంచి 7కు తగ్గాయి. దాని అమరికను మీరు గమనించాలి. 19 అంశాలనూ ఒకేసారి చదవరు. మత్తు ఇచ్చేముందు ఒకసారి, కోత పెట్టేముందు ఒకసారి, రోగి థియేటర్ దాటేముందు ఒకసారి ఆగుతారు. ఈ మూడూ వెనక్కి తిరగడానికి ఇంకా అవకాశం ఉన్న చివరి క్షణాలు. మత్తు ఇచ్చాక రోగిని పేరు అడగలేము, కోత పెట్టాక కుడా ఎడమా అని చర్చించలేము. చెక్‌లిస్టు రాసే ముందు ఇటువంటి ఆగవలసిన చోటును ఎంచుకోవాలి. అంశాలు ఆ తరువాత వస్తాయి. మీ నోటుబుక్కులో ఉదయం ఏడింటికి అన్నీ కలిపి రాసినందువల్ల, అవసరమైన క్షణంలో అవసరమైన గీత, అంటే ఆ అంశం రాసిన వరుస, మీ కళ్లకు ఎదురు కావడం లేదు.

మీ ఆఫీసు సంగతికి వస్తాను. మా పెద్దబ్బాయి మీ వృత్తిలోనే ఉన్నాడు. అతన్ని అడిగి తెలుసుకునే ఇది రాస్తున్నాను. మీకు ప్రతి నెలా నాలుగు గడువులు ఉంటాయి: 7న టీడీఎస్, 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను), 15న ఉద్యోగుల పీఎఫ్, ఈఎస్ఐ చందాలు, 20న జీఎస్టీఆర్-3బీ (ఆ నెల జీఎస్టీ లెక్క తేల్చి కట్టే రిటర్ను). ఈ తేదీలు మీకు కంఠతా వచ్చు, అయినా 7వ తేదీ తప్పింది. గడువు రోజునే ఆగవలసిన రోజుగా పెట్టుకున్నారు, ఆ రోజు నెట్ బ్యాంకింగ్ మొరాయించినా, సంతకం చేయవలసిన వ్యక్తి ఊళ్లో లేకపోయినా మరో దారి మిగలలేదు. టీడీఎస్‌కు ఆగవలసిన రోజు 4వ తేదీ అనుకోండి. ఆ రోజు చూడవలసినవి నాలుగే: పోయిన నెలలో అద్దె, కాంట్రాక్టు, వృత్తి రుసుము చెల్లింపులన్నీ ఒకసారి తిరగేశామా, ఖాతాలో అంత డబ్బు ఉందా, చలానాలో సంవత్సరం, సెక్షను సరిగా ఎంచుకున్నామా, ఆమోదించే వ్యక్తి 7వ తేదీలోపు అందుబాటులో ఉన్నారా. చలానా ఎలా నింపాలో ఇందులో ఉండనక్కరలేదు.

జీఎస్టీఆర్-3బీకి ఆగవలసిన చోటు దాఖలు చేసే బటన్ నొక్కేముందు క్షణం. అమ్మకాల మొత్తం జీఎస్టీఆర్-1తో సరిపోయిందా, క్రెడిట్‌ను, అంటే కొనుగోళ్లమీద ఇప్పటికే కట్టినందుకు తగ్గించుకునే పన్నును, 14వ తేదీన వచ్చే జీఎస్టీఆర్-2బీ పట్టికతో పోల్చామా, రివర్స్ చార్జీ కింద (అమ్మినవారికి బదులు కొన్నవారే) కట్టవలసినవి ఏమైనా ఉన్నాయా అని చూసి నొక్కాలి. ఆ తరువాత మరొక్క గీత ఉండాలి: రసీదును ఫోల్డర్‌లో పెట్టి, రిజిస్టర్‌లో దాని సంఖ్య రాశామా. ఇది నేను పైన చెప్పిన మొదటి రకం, అసలు పని ముగిశాక జారిపోయేది. నా సలహా ఈ గీతను మిగతావాటికంటే పెద్ద అక్షరాలలో రాయమని. వీలైతే ఈ నాలుగింటినీ మీరు చదువుతుండగా మీ పక్క సీటులోని సహోద్యోగి తెర చూసి జవాబు చెప్పాలి. తన కళ్లు చూసినదానికి తన నోరే సాక్ష్యం చెబితే తప్పు దొరకడం కష్టం.

చెక్‌లిస్టును చదివే పద్ధతులు రెండు ఉన్నాయి, వాటిని కలపకూడదు. నెలనెలా చేసే పనులకు, పని మీ అలవాటు ప్రకారం చేసేసి, ఆగవలసిన చోట ఆగి సరిచూసుకోండి. ఏడాదికి ఒకసారో జీవితంలో ఒకసారో చేసే పనులకు, ఉదాహరణకు ఇల్లు మారడం, పెద్దవారిని ఆసుపత్రిలో చేర్చడం, అత్తగారికి ఇన్సులిన్ ఇవ్వవలసి వచ్చిన మొదటి వారం, ఒక్కొక్క గీతా చదువుతూ ఆ గీత ప్రకారం చేస్తూ వెళ్లాలి. తెలిసిన పనికి రెండవ పద్ధతి పెడితే నాలుగు రోజుల్లో విసుగు పుట్టి కాగితం సొరుగులోకి వెళ్తుంది. తెలియని పనికి మొదటిది పెడితే ప్రమాదం.

మీరు రాసిన ఒక మాట నాకు కొంచెం బాధ కలిగించింది. ఉదయం కూర్చుని ఒకేసారి టిక్కులు పెట్టేస్తుంటానని చెప్పారు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, ఇన్‌చార్జిగా చేరిన మొదటి వారంలో, ఇంకా లోపలికి తీసుకువెళ్లని రోగి కాగితంమీద "మాప్‌ల లెక్క సరిపోయింది" అన్న గడిలో అప్పటికే టిక్కు కనిపించింది. రాసినవారిని పిలిచి అడిగితే, తనిఖీకి వచ్చేవారు ఖాళీ గడులు ఉంటే కోప్పడతారని, అందుకే వార్డులోనే అన్నీ నింపి పంపుతున్నామని నిజాయితీగా చెప్పారు. ఆ పిల్లలమీద నాకు కోపం రాలేదు. కాగితం నింపడమే పని అని వారికి నేర్పినవారిమీద వచ్చింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఇదే చెక్‌లిస్టును తప్పనిసరి చేశాక 101 ఆసుపత్రుల వివరాలు పరిశీలించి 2014లో ప్రచురించారు. దాదాపు అన్ని ఆపరేషన్లలోనూ వాడుతున్నట్టు ఆసుపత్రులు నివేదించాయి, కానీ మరణాలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఎనిమిది నగరాలలో ఫలించినది అక్కడ ఎందుకు ఫలించలేదన్నదానిపై నిపుణులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. థియేటర్‌లో నిలబడిన మనిషిగా నా అభిప్రాయం ఇది: గడి నిండినంత మాత్రాన ఎవరూ ఆగి చూసినట్టు కాదు. అందువల్ల ఇంట్లో అయినా ఆఫీసులో అయినా టిక్కు పెట్టే గడులు లేకుండానే మొదలుపెట్టండి. చదవాలి, తాకాలి, పలకాలి.

పలకడం గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ గ్యాసు అనుమానానికి మందు అక్కడే ఉంది. మీరు గ్యాసు కట్టే ఉంటారు. వెనక్కి వచ్చి చూస్తే కట్టే ఉందని మీరే రాశారు. రోజూ చేసే పనిని చెయ్యి తనంతట తాను చేసేస్తుంది, ఈ రోజు కట్టిన జ్ఞాపకం నిన్నటి జ్ఞాపకంలో కలిసిపోతుంది. జపాన్ రైల్వేలలో సిబ్బంది సిగ్నల్‌ను వేలితో చూపి దాని రంగును పైకి చెప్పే పద్ధతి ఉంది. మన రైళ్లలో కూడా లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ సిగ్నల్ రంగును ఒకరికొకరు పలికి చెప్పుకుంటారు. మీరు ఊరికి బయలుదేరేటప్పుడు రెగ్యులేటర్‌మీద చెయ్యి వేసి "గ్యాసు కట్టాను, ఈ రోజు శనివారం" అని పైకి అనండి. పక్కన పిల్లలు ఉంటే వాళ్లచేత అనిపించండి. సగం దారిలో అనుమానం వచ్చినప్పుడు ఆ మాట మీకు వినిపిస్తుంది.

మా ఇంటి వీధి తలుపు లోపలివైపు, కంటి ఎత్తులో, ఏడు గీతల కాగితం 14 ఏళ్లుగా ఉంది. పాతబడినప్పుడల్లా తిరిగి రాస్తాము. గ్యాసు రెగ్యులేటర్, నీళ్ల మోటారు స్విచ్చి, కొళాయిలు, ఇస్త్రీపెట్టె, పెరటి తలుపు గడియ, మందుల సంచి, తాళం చెవులు. కొళాయిలు ఎందుకని చాలామంది అడుగుతారు. నీళ్లు రాని వేళ తిప్పి చూసి అలాగే వదిలేసిన కొళాయి, మనం ఊళ్లో లేనప్పుడు నీళ్లు వచ్చి ఇల్లంతా తడుపుతుంది. మాకు ఒకసారి జరిగింది, అప్పటినుంచి ఆ గీత ఉంది. బట్టలు సర్దుకోవడం, టిక్కెట్లు తీసుకోవడం అందులో లేవు. అవి మరిచిపోయేవి కావు, అవి పనుల జాబితాలోకి పోతాయి. ఈ కాగితాన్ని ఫోన్‌లో పెట్టుకోవచ్చు కదా అంటారు. సమయాన్నిబట్టి గుర్తు చేయడానికి, అంటే 4వ తేదీ ఉదయం పది గంటలకు మోగడానికి, ఫోన్ చక్కగా పనికి వస్తుంది. చోటునుబట్టి గుర్తు చేయవలసినవి ఆ చోటే ఉండాలి. తలుపు తీసే చేతికి ఎదురుగా ఉన్న కాగితాన్ని తెరవనక్కరలేదు, వెతకనక్కరలేదు.

అత్తగారి మందుల విషయంలో నర్సుగా నా మాటను కొంచెం గట్టిగా తీసుకోండి. వారం రోజులకు, పూటకొక గడి చొప్పున ఉండే మాత్రల డబ్బా మందుల షాపుల్లో దొరుకుతుంది. ఆదివారం ఉదయం కాఫీ తరువాత దానిని నింపడమే మీ ఆగవలసిన చోటు. నింపేటప్పుడు ఏ మందు పది రోజులకంటే తక్కువకు వచ్చినా అది ఆ సాయంత్రమే కొనాలి. రాత్రి తొమ్మిదిన్నర సమస్య మళ్లీ రాదు. ఒక తెల్ల కాగితంమీద మందు పేరు, మోతాదు, ఏ పూట, తిన్నాకా తినకముందా, ఎందుకోసం, ఏ డాక్టరు రాశారు, ఎప్పటినుంచి అని రాసి, అడుగున తేదీ వేయండి. డాక్టరు ఏదైనా మార్చిన రోజే పాత కాగితం చించి కొత్తది రాయండి. కొట్టివేతలున్న మందుల కాగితం ప్రమాదకరం. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఐరన్, క్యాల్షియం మాత్రలకు దానికీ నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాసి ఉంటే అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు, రోజూ వేసుకుంటే ప్రాణాంతకం కావచ్చు. ఆ మందు ఉన్న ఇంట్లో కాగితంమీద అది వేసుకోవలసిన రోజు పేరు ఎర్రసిరాతో రాసి ఉండాలని నేను ప్రతి కుటుంబానికీ చెబుతూ వచ్చాను. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితమే చూపించండి.

ఆ కాగితం ఫ్రిజ్ తలుపుమీద ఉండాలి, మీ నోటుబుక్కులో కాదు. ఇది ఇంటికి సంబంధించి నేను అన్నిటికంటే ముఖ్యంగా భావించే విషయం. మీ నలభై పనుల చీటీ మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు, అందుకే ఇంట్లో ప్రతి పొరపాటూ మీ పొరపాటుగానే మిగిలిపోతోంది. గోడమీద అందరికీ కనిపించేలా రాసినది మీ భర్త గారు చదవగలరు, తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి చదవగలదు, అత్తగారు తానే చూసుకోగలరు. పిల్లల స్కూలు బ్యాగులు రాత్రి పడుకునే ముందు వాళ్లే సర్దుకునేలా ఒక అయిదు గీతలు వాళ్ల చేతనే రాయించండి. మీరు జ్వరంతో పడుకున్న రోజున ఆ ఇల్లు ఎవరి సాయంతో నడుస్తుందో ఆలోచించి రాయండి.

చెక్‌లిస్టు చేయలేనివి కూడా ఉన్నాయి. కాన్పుల సమయంలో వాడవలసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టును ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాలలో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. శిక్షకులు వెళ్లి దగ్గరుండి నేర్పినందువల్ల సిబ్బంది చేతులు కడుక్కోవడం వంటి మంచి పద్ధతులు బాగా పెరిగాయి. అయినా తల్లుల, బిడ్డల మరణాలలో తేడా రాలేదు. మందులు, నైపుణ్యం, సమయానికి పెద్దాసుపత్రికి చేర్చే ఏర్పాటు కాగితంవల్ల పుట్టవు కదా. అలాగే, మీ ఆఫీసులో ఇద్దరు చేయవలసిన పని మీరు ఒక్కరే చేస్తున్నారేమో అని మీ ఉత్తరం చదివినప్పుడు అనిపించింది. అదే నిజమైతే ఏ చెక్‌లిస్టూ దానిని సరిచేయలేదు, ఆ మాట యజమానితో అంకెలతో సహా మాట్లాడవలసి ఉంటుంది.

ఈ నెలకు రెండే రాయండి, తలుపుమీది కాగితం, 4వ తేదీ కాగితం. ఒక్కొక్కటి ఏడు గీతలు దాటకూడదు. గీతకు అయిదారు మాటలు మించకూడదు. పనుల జాబితా రాయడం మానవలసిన పనిలేదు, కాకపోతే ఆ రోజు నిజంగా చేయగలిగిన ఏడెనిమిదింటికి తగ్గించండి. పొరపాటు జరిగిన ప్రతిసారీ వెంటనే కొత్త గీత చేర్చకండి. అది మళ్లీ జరిగేదా, జరిగితే నష్టం ఎంత అని ఆలోచించి చేర్చండి. మూడు నెలలకు ఒకసారి కాగితం తీసి, ఇంతవరకు ఒక్క తప్పు కూడా పట్టుకోని గీతలు ఏవో చూడండి. వాటిలో నష్టం చిన్నదైన వాటిని తీసేయవచ్చు. గ్యాసు గీతను మాత్రం ఎన్నేళ్లు ఏమీ పట్టుకోకపోయినా తీయకండి. మా థియేటర్‌లో నెలల తరబడి మాప్‌ల లెక్క సరిగ్గానే తేలేది, అయినా ప్రతి ఆపరేషన్‌కూ మూడుసార్లు లెక్కపెట్టేవాళ్లం.